కెప్టెన్ గారికి ఆలస్యం నేర్పిన ఉద్యోగం

మా ఎంపీ గారి దగ్గర నేను ఎనిమిదేళ్ళు పనిచేశాను. కాగితం మీద నా ఉద్యోగం పేరు వ్యక్తిగత సహాయకుడు. చేసిన పని మాత్రం వేరు. ఆయన్ని ఏ కార్యక్రమానికీ చెప్పిన టైముకి వెళ్ళనివ్వకుండా చూడటం. అందుకే నన్ను పెట్టుకున్నారు. పెట్టుకున్నది ఆయన కాదు, పార్టీ. ఆ సంగతి ఆయనకి చాలాకాలం తెలియదు.

ఆయన చిన్న వయసులో సైన్యంలో సిపాయిగా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి సుబేదార్ మేజరై, దిగిపోయే ముందు గౌరవ కెప్టెన్ అనిపించుకుని ఊరికి వచ్చిన మనిషి. ఊళ్ళో అందరూ కెప్టెన్ గారనేవారు. పెన్షను, కాస్త వరిచేను, గోడకి పతకాలు, ఇవి మా వైపు రిటైరైన మిలిటరీ వాళ్ళందరికీ ఉన్నవే. ఈయనకి మాత్రం ఇంకొక ఆస్తి ఉండేది. చెప్పిన టైముకి రావడం. దాన్ని ఆయన దగ్గర్నుంచి కాజేసినవాణ్ణి నేనే. ఆ మాట పదిమందికి చెప్పుకుని మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

అప్పట్లో నేను మండపేటలో ఒక కల్యాణమండపానికి మేనేజర్ని. ఆయన కూతురి పెళ్ళి మా హాల్లోనే జరిగింది. శుభలేఖలో ముహూర్తం ఉదయం తొమ్మిదీ నలభై రెండు. తొమ్మిదీ నలభై రెండుకి తాళి కట్టించేశారు. నా అనుభవంలో ముహూర్తానికి జరిగిన పెళ్ళి అదొక్కటే. సన్నాయి మేళం వాళ్ళు కింద ఇంకా ఇడ్లీలు తింటున్నారు. ఫోటోలతను లైటు స్టాండు బిగించుకుంటున్నాడు. పురోహితుడు గారు నా చెవిలో, "ఏంటండీ బాబూ, ఈయన నిజంగానే ముహూర్తానికి కట్టించేస్తున్నారేంటండీ!" అని కంగారుపడిపోయారు. పెళ్ళికొడుకు మేనమామ పదింబావుకి వచ్చి, తను అక్షింతలు వెయ్యకుండానే పెళ్ళి అయిపోయిందని అలిగి, భోజనం ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ అలక ఇంకా తీరలేదని విన్నాను.

సాయంత్రం ఆయన హాలు తాళాలు అప్పగిస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "ఓ పావుగంట ఆగితే ఏం పోయేదండీ?"

ఆయన కోప్పడలేదు. "మంచులో ఒకడు కాపలా కాస్తుంటాడయ్యా. వాణ్ణి దింపడానికి ఇంకొకడు వెళ్ళాలి. వీడు పావుగంట లేటైతే వాడు పావుగంట ఎక్కువ నిలబడాలి. నేను లేటయ్యానంటే ఎక్కడో ఒకడు నా కోసం నిలబడి ఉన్నాడని అర్థం. నేను అలా నిలబడ్డవాణ్ణే కదా," అన్నారు.

నేను బుద్ధిగా తలూపాను. మండపేటలో మంచెక్కడిదండీ అని మాత్రం లోపల అనుకున్నాను.

మరుసటేడు ఎన్నికలొచ్చాయి. మా పార్లమెంటు సీటు కోసం పార్టీలో ఇద్దరు పెద్దలు పట్టుబట్టారు. ఒకరికిస్తే రెండోవారు పనిగట్టుకుని ఓడిస్తారు. చివరికి ఇద్దరూ కూడబలుక్కుని, ఇద్దరికీ అడ్డురాని మనిషి కోసం వెతికి కెప్టెన్ గారిని నిలబెట్టారు. దేశానికి సేవ చేసిన మహానుభావుడని మైకుల్లో చెప్పారు. ఫ్లెక్సీ వేసినవాడు ఆయన వెనకాల ఒక యుద్ధ ట్యాంకు పెట్టాడు. "నేను కాలినడక పటాలం వాణ్ణయ్యా, ట్యాంకు ఎప్పుడూ ఎక్కలేదు, అది తీసెయ్యి," అని ఆయన చెప్తే, వాడు దాన్ని తీసేసి హెలికాప్టరు పెట్టాడు.

ఆ ఎన్నికలో ఆయన్ని ఓడించింది ఎదుటి పార్టీ కాదు. మండపేట సభ సాయంత్రం అయిదింటికని చాటింపు వేశారు. నేనూ చూద్దామని వెళ్ళాను. నాలుగూ యాభైకే ఆయన దిగిపోయారు. అప్పటికి ట్రాక్టరు మీంచి కుర్చీలు దింపుతున్నారు. ఊరికే నిలబడటం చేతకాక ఆయనా కొన్ని కుర్చీలు మోశారు. ముందుగా వచ్చిన ఒక రైతు ఆయన్ని టెంట్‌హౌస్ మనిషనుకుని, "ఓ కుర్చీ ఇటు వెయ్యండి," అన్నాడు. ఆయన వేశారు. సరిగ్గా అయిదింటికి మైకు పట్టుకుని, ఎదురుగా ఉన్న తొమ్మిదిమందికి ఇరవై నిమిషాలు ఉపన్యాసం చెప్పి, ఇంకో ఊళ్ళో సభ ఉందంటూ వెళ్ళిపోయారు. ఏడింటికి లారీల్లో జనం దిగారు. చూస్తే లీడరు లేడు. మిలిటరీ ఆయన జనాన్ని చూసి భయపడి పారిపోయాడని తెల్లారేసరికి జిల్లా అంతా పాకిపోయింది.

ఇక్కడ మా గోదావరి వాళ్ళ సంగతి కొంత చెప్పాలి. మర్యాద చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని మా గట్టి నమ్మకం. ఆ మర్యాదకి టైము పడుతుంది. పెద్దమనిషి వస్తున్నాడంటే దండ తెప్పించాలి, కుర్చీ మీద తువ్వాలు పరవాలి, ఇంటాయన లుంగీ విప్పి పంచె కట్టుకోవాలి, "ఇంకా రాలేదేంటండీ" అంటూ పదిమంది వీధిలోకొచ్చి చూడాలి. ఆ ఎదురుచూడటంలోనే సగం గౌరవం ఉంది. చెప్పిన టైముకి దిగిపోయినవాడు ఆ సగాన్నీ మా చేతుల్లోంచి లాగేసుకున్నట్టు. కెప్టెన్ గారు పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా ఇంటివాళ్ళు లుంగీలతోనే దొరికిపోయేవారు. ఆయన వెళ్ళాక, "పాపం, ఈయనకి వేరే పనేమీ లేదనుకుంటానండి," అని జాలిపడేవారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.

ఓడిపోయాక కొన్నాళ్ళకి పార్టీ పెద్దాయన ఒకరు మా హాలుకి వచ్చి నన్ను పక్కకి పిలిచారు. "పెళ్ళికి ఎవరెవరు ఎంత లేటుగా వస్తారో నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. వచ్చేసారీ కెప్టెన్ గారినే నిలబెట్టాలి. బంగారంలాంటి మనిషి. కానీ లీడరు కాడు. నువ్వు ఆయన పక్కనే ఉండి, ఎలాగోలా కాస్త లేటు చెయ్యి," అన్నారు.

ఆయన నన్ను సరిగ్గానే అంచనా వేశారు. తహసీల్దారు గారైతే అరగంట, ఎమ్మెల్యే గారైతే గంటన్నర. మంత్రి గారని తెలిస్తే వంటవాళ్ళతో రెండోసారి ఎసరు పెట్టమనేవాణ్ణి. ఇంత విద్య ఒక మండపంలో ఎందుకు వృథా కావాలని నాకూ అనిపించింది. ఉద్యోగంలో చేరాను.

కెప్టెన్ గారి భార్య నన్ను చూసి నవ్వారు. పార్టీ పెద్దాయన చెప్పి ఉంచడంతో ఆ ఇంట్లో ఆవిడొక్కరికే నా అసలు పని తెలుసు. "మీ వల్ల కాదు బాబూ. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నేను జడ వేసుకునేలోపు ఆయన వీధి గుమ్మంలో నిలబడి ఉంటారు," అన్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఆవిడ ధైర్యం.

నిజంగానే మొదట్లో నా వల్ల కాలేదు. కార్లో పెట్రోలు లేదని చెప్దామంటే ఆయన ముందురోజే నింపించేవారు. దారిలో కార్యకర్త ఇంట్లో కాఫీ అంటే, "తిరిగొచ్చేటప్పుడు తాగుదాం," అనేవారు. చివరికి నిడదవోలు వైపు వెళ్తున్నప్పుడు ఒకరోజు రైల్వే గేటు పడింది. ఆయన విసుక్కోలేదు, హారన్ కొట్టమనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. అప్పుడు నాకు వెలిగింది. ఈయన ఎవరి మాటా వినరు గాని ఆర్డరు వింటారు. గేటు పడటమంటే ఆర్డరు.

ఆ వారంలోనే ఒక చిన్న నోట్‌బుక్కు కొన్నాను. మా చుట్టుపక్కల ఏ గేటు ఏ రైలుకి ఎన్నింటికి పడుతుందో గేటుమేన్లని అడిగి రాసుకున్నాను. ఏ సభకి ఎంత ఆలస్యం కావాలో చూసుకుని దారి మార్చేవాణ్ణి. రెండు గేట్లు తగిలే దారి, మూడు గేట్లు తగిలే దారి. కోతల రోజుల్లో గేటు కూడా అక్కర్లేదు. ధాన్యం ట్రాక్టరు వెనకపడితే చాలు. ఓవర్‌టేక్ చెయ్యొద్దని డ్రైవరుకి ముందే చెప్పి ఉంచేవాణ్ణి.

ఫలితం వెంటనే కనబడింది. అరగంట ఆలస్యానికి దండ పడింది. గంట ఆలస్యానికి దండతోపాటు శాలువా కూడా పడింది. గంటన్నరకి బాణసంచా కాల్చారు. "కెప్టెన్ గారు ఈమధ్య బాగా బిజీ అయిపోయారండి," అని ఊళ్ళలో గౌరవంగా చెప్పుకోవడం మొదలైంది. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఎందుకన్నారో గాని, మాకు మాత్రం ఆలస్యమే అమృతమైంది.

రెండో ఎన్నిక ప్రచారంలో దొరికిపోయాను. ఒక గేటు దగ్గర కారు ఆగి ఉండగా నా జేబులోంచి నోట్‌బుక్కు జారింది. ఆయన తీసి చూశారు. దాడికి ముందు మ్యాపులు చదివిన మనిషి, ఆయనకి ఎంతసేపు పడుతుంది?

"అంటే మనం ప్రతిసారీ గేటు పడే టైముకే వస్తున్నామన్నమాట."

"అవునండి."

"ఎవరి ఆర్డరు?"

చెప్పాను. దాచడానికి ఇంక ఏమీ లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. గేటు లేచాక సభాస్థలి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. రేపట్నుంచి మళ్ళీ కల్యాణమండపమే అనుకున్నాను.

అప్పటికి మేం రెండు గంటలు ఆలస్యం. కారు దిగేసరికి జనం. ఈలలు, కేకలు, డప్పులు. ఎవరో ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. కుర్చీలు మోసిన మనిషిని కుర్చీల మీదుగా మోసుకెళ్ళారు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సెల్యూట్ చేశారు. దాంతో ఇంకా పెద్ద గోల.

తిరిగి వస్తుంటే ఆయన అడిగారు. "వాళ్ళు ఎంతసేపట్నుంచి ఉన్నారు?"

"మూడింటినుంచండి."

"ఎండలోనా?"

"టెంటు వేశారండి. టెంటు కింద పట్టనివాళ్ళు ఎండలోనే ఉన్నారండి."

కొవ్వూరు దాటి రాజమండ్రి వంతెన ఎక్కాక మెల్లిగా, "అదంతా నా కోసమేనా?" అన్నారు.

"మీ కోసమేనండి," అన్నాను. నోట్‌బుక్కు నా చేతికి తిరిగి ఇచ్చేశారు. నేను గెలిచానని నాకు అప్పుడే తెలిసింది. ఆయన గెలిచారని ఓట్లు లెక్కపెట్టాక తెలిసింది.

ఢిల్లీలో మొదటి ఏడాది ఆయనకి స్వర్గంలా గడిచింది. పార్లమెంటు పదకొండింటికంటే పదకొండింటికే మొదలవుతుంది. ఆయన పదిన్నరకే వెళ్ళి తన సీట్లో కూర్చునేవారు. రెండు నిమిషాలు మాట్లాడమంటే నిమిషం యాభై సెకన్లలో ముగించి కూర్చునేవారు. స్పీకరు ఆయన మీద గంట కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అందుకే ఆయన మాట్లాడినట్టు పేపర్లకి కూడా తెలియలేదు. పక్క సీటాయన గంట కొట్టినా ఆపకుండా అరిచి, కాగితాలు చింపి, మర్నాడు మొదటి పేజీలో పడ్డాడు. మా కెప్టెన్ గారు గోదావరి గట్టు కోతల మీద చెప్పిన నాలుగు మంచి మాటలూ మా ఆఫీసు బీరువాలో పడ్డాయి. ఒకరోజు ఆయన ఆ పేపరు చూస్తూ, "టైముకి పూర్తిచేస్తే ఎవరూ విననట్టేనా?" అన్నారు. అడిగినట్టు లేదు. పాఠం ఒప్పజెప్పినట్టుంది.

ఆ తర్వాత నా నోట్‌బుక్కు అవసరం తగ్గిపోయింది. ఒకసారి ఒక గ్రంథాలయం ప్రారంభోత్సవానికి ఈయన్నీ, ఈయనంటే పడని ఇంకో నాయకుణ్ణీ పిలిచారు. మా వైపు వేదిక మీదికి ఆఖరున వచ్చినవాడే పెద్ద. అందుకని అవతలాయనేమో ఊరికి అటువైపు రైస్‌మిల్లులో ఆగారు, ఈయన ఇటువైపు తోటలో ఆగారు. "వాడు బయల్దేరాడా?" అని రెండు వైపులా ఫోన్లు. నిఘాకి మనిషిని పెట్టమని కెప్టెన్ గారే చెప్పారు. "శత్రువుని ముందు కదలనివ్వాలయ్యా," అన్నారు, కళ్ళు మెరుస్తుండగా. అక్కడ ప్రమిదల్లో నూనె రెండుసార్లు మార్చారట. చివరికి అవతలాయన షుగరు మనిషి, ఆకలికి తాళలేక ముందు బయల్దేరాడు. మేం ఇరవై నిమిషాల తేడాతో గెలిచాం. నేను పొంగిపోయాను. శిష్యుడు గురువుని మించిపోతే ఏ గురువుకి ఉండదూ ఆ సంతోషం?

ఇక నిడదవోలు సంగతి. మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఏటా ఒక సభ పెట్టుకుంటారు. ఆ ఏడు ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. రెండు ఎన్నికల్లోనూ జీతంలేని కార్యకర్తల్లా ఇంటింటికీ తిరిగి ఆయనకి ఓట్లడిగింది వాళ్ళే. ఆయనతో పాటు ఒకే పటాలంలో పనిచేసినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. సభ ఉదయం పదింటికి.

ఆ రోజు నేను ఏ దారీ మార్చలేదు. ఏ గేటూ చూడలేదు. తొమ్మిదింటికే కారు గుమ్మం ముందు పెట్టించి లోపలికి వెళ్ళాను. ఆయన పేపరు చదువుతున్నారు. ఆయన భార్య జడ వేసుకుని, తయారై, వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"సార్, బయల్దేరదామండి. ఇవాళ టైముకి వెళ్దామండి."

"ఏంటయ్యా, నువ్వేనా ఈ మాటనేది?"

"వాళ్ళు మిలిటరీ వాళ్ళండి."

"నేను కానా? మనవాళ్ళేనయ్యా, ఆగుతారు. మనవాళ్ళు ఆగకపోతే ఇంకెవరు ఆగుతారు?" అని ఆయన రెండో కాఫీ చెప్పారు. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి, చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ చూపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

పదకొండింటికి బయల్దేరి, పన్నెండు కావస్తుండగా నిడదవోలులో హాలు ముందు దిగాం. డప్పుల్లేవు, దండల్లేవు. లోపల కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి దొంతర్లు పెట్టి, గోడ వారన వరసగా ఉన్నాయి. వేదిక మీద ఒకే ఒక్క కుర్చీ ఉంది. దాని మీద కొత్త శాలువా కప్పి ఉంది. హాలు కాపలా అతను చీపురు పక్కన పెట్టి గబగబా వచ్చాడు.

"సభ ఏమైంది?" అన్నారు కెప్టెన్ గారు.

"ఆయ్, అయిపోయిందండి. అందరూ పది అవ్వకముందే వచ్చి కూర్చున్నారండి. పదింటికి దీపం వెలిగించారండి. చనిపోయినోళ్ళ కోసం రెండు నిమిషాలు లేచి నిలబడ్డారండి. తర్వాత ముఖ్య అతిథి ఉపన్యాసం అన్నారండి."

"నేను రాలేదు కదయ్యా?"

"రాలేదండి. మీ కుర్చీ ఉందండి. కాగితంలో మీకు ఇరవై నిమిషాలు రాశారంటండి. ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ నోరు మెదపలేదండి. ఆ కుర్చీ వైపే చూస్తా కూర్చున్నారండి. మైకు పోయిందేమో అని నేను వచ్చి చూశానండి. టైం అవ్వగానే చప్పట్లు కొట్టారండి. ఓ పెద్దాయన లేచి మీకు వందన సమర్పణ చేసి, కుర్చీకి శాలువా కప్పారండి. టీలు తాగి, కుర్చీలు వాళ్ళే సర్దేసి వెళ్ళిపోయారండి."

"ఎగతాళి చేశారా?"

"లేదండి. ఒక్కరూ నవ్వలేదండి."

కెప్టెన్ గారు ఆ కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన ముఖం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇప్పుడు నన్ను తిడతారు, నా చొక్కా పట్టుకుంటారు, ఇదంతా నీ వల్లేనంటారు అని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలని మొక్కుకున్నాను. తిడితే నేను కాళ్ళ మీద పడి, ఉద్యోగం మానేసి, సంతోషంగా ఇంటికి పోయేవాణ్ణి.

ఆయన గొంతు సవరించుకుని కాపలా అతన్ని అడిగారు. "ఫోటోలేమైనా తీశారా?"

"లేదండి. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించేశారండి."

"పేపరువాళ్ళు?"

"ఎవరూ రాలేదండి."

ఆయన భుజాలు కిందికి దిగాయి. ఊపిరి వదిలారు. "శాలువా కార్లో పెట్టించు," అని నాతో చెప్పి బయటికి నడిచారు. శాలువా మడత పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. ఎనిమిదేళ్ళలో నేను చేసిన పని ఇంత బాగా కుదిరిందని అంతవరకూ నాకే తెలియదు.

కార్లో కూర్చోగానే ఫోను మోగింది. తర్వాతి కార్యక్రమం ఆత్రేయపురంలో, పూతరేకులు చేసే ఆడవాళ్ళకి కొత్త షెడ్డు ప్రారంభం. "బయల్దేరారాండీ? రేకులు తీసే కుండలన్నీ దింపేసి, చీరలు మార్చుకుని రోడ్డు మీద నిలబడ్డామండి," అంది ఒకామె. వస్తున్నామని చెప్పి పెట్టేశాను.

"ఎన్నింటికది?" అన్నారు కెప్టెన్ గారు.

"ఒంటిగంటకండి. ఇప్పుడు బయల్దేరితే విజ్జేశ్వరం బ్యారేజీ మీదుగా సరిగ్గా ఒంటిగంటకి అక్కడుంటామండి."

ఆయన తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"అంత ముందెళ్ళి ఏం చేస్తామయ్యా?"

డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. ఏసీ వెయ్యమన్నాను.